నీ ప్రాణాన్ని నీవే అడుగు



పరీక్ష తప్పిన రోజున, అప్పులవాడు గుమ్మంలో నిలబడిన రోజున మన మనస్సు మనతో మాట్లాడుతుంది. "ఇక నీ పని అయిపోయింది" అంటుంది. మనం ఎదురు చెప్పకుండా వింటూ కూర్చుంటాం.

కోరహు కుమారుల 42వ కీర్తన ధ్యానించండి. దేవాలయానికి దూరమై, హెర్మోను ప్రాంతంలో ఉన్న భక్తుడు రాత్రింబగళ్లు ఏడుస్తున్నాడు. నీ దేవుడెక్కడని జనులు ఎగతాళి చేస్తున్నారు. అప్పుడతడు తన ప్రాణాన్ని తానే నిలదీశాడు, ఎందుకింత కృంగిపోయావని. దేవునియందు నిరీక్షణ ఉంచమని దానికి ఆజ్ఞాపించాడు.

గమనించండి, మరుసటి వచనంలోనే అతడు మళ్లీ కృంగాడు! అందుకే 42, 43 కీర్తనలలో ఆ ప్రశ్న, ఆ జవాబు మూడుసార్లు వస్తాయి. తన బలాన్ని గురించి అతడు ఒక్క మాటా చెప్పుకోలేదు. దేవుణ్ణి ఇంకా స్తుతిస్తానని మాత్రం చెప్పుకున్నాడు.

సోదరీ సోదరులారా, ఈ రాత్రి పడుకునే ముందు మీ ప్రాణాన్ని అడగండి: దేనికి ఈ దిగులు? వచ్చిన జవాబును దాచకుండా దేవుని సన్నిధిలో చెప్పండి, మీకు నమ్మకమైన ఒకరితోనూ చెప్పండి. రేపు దిగులు తిరిగివస్తే, రేపు కూడా అడగండి.

ప్రభువు మిమ్మును ఆదరించును గాక. ఆమేన్.