మా వూరి పశువులు, మా యింటి మాటలు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను వెనుకాడాను. నా చదువు మెట్రిక్కుతో సరి. రైల్వేలో టిక్కెట్లు యిచ్చే గుమాస్తాను. సాహిత్యాన్ని గురించి చెప్పడానికి నాకు అర్హత లేదు. "మీ పల్లె సంగతులు చెప్పండి, అదే చాలు" అన్నారాయన. పల్లె సంగతులయితే తెల్లవారేదాకా చెప్పగలను. కాని భోజనాల వేళ దాటనివ్వనని ముందే మాట యిస్తున్నాను.

తిరుత్తణి అనగానే మీకు కొండమీది సుబ్రహ్మణ్యస్వామి, 365 మెట్లు, ఆడికృత్తిక కావళ్ళు జ్ఞాపకం వస్తాయి. 1888 సెప్టెంబరు 5న అక్కడ పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు జ్ఞాపకం వస్తారు. ఆ కొండ కనబడేటంత దూరంలో ఒక చిన్న పల్లె మాది. నేను చెప్పబోయే దానిలో మహానుభావులు లేరు. రెండు ఎద్దులు, ఒక కుక్క, ఒక మేకపిల్ల, ఒక స్నేహితుడు వున్నారు.

మీలో చాలామంది వుద్యోగాలకోసం రైలెక్కి వచ్చినవారు. ఆవడి, అంబత్తూరు కర్మాగారాలలో పనికి కుదిరి, తిరువళ్ళూరు దాకా యిళ్ళు కట్టుకొని స్థిరపడ్డారు. మావాళ్ళు ఎక్కడికీ ప్రయాణం కాలేదు. మేము కూర్చున్నచోటనే వున్నాము, ఎల్ల వచ్చి మమ్మల్ని దాటి పోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేనాటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఒక తాలూకా. తెలుగువారు మాదన్నారు, తమిళులు మాదన్నారు. తమిళుల పక్షాన మ.పొ. శివజ్ఞానం గారు పెద్ద వుద్యమం నడిపారు. పటాస్కర్ గారి మధ్యవర్తిత్వం మీద పార్లమెంటు 1959లో చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1వ తేదీనుంచి తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. దానికి మారుగా చెంగల్పట్టు జిల్లానుంచి సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడ్డాక మా పల్లె దానిలోకి చేరింది.

మా తాత ఈ సంగతి నవ్వుతూ చెప్పేవాడు. "మార్చి 31 రాత్రి ఆంధ్రలో పడుకున్నానురా, తెల్లవారి మద్రాసు రాష్ట్రంలో లేచాను. అదే మంచం, అదే కంబళి. ఆవు మాత్రం ఎప్పటిమాదిరే నా గొంతుకే పలికింది, నా చేతికే చేపింది" అని. చిన్నప్పుడు నాకది వట్టి హాస్యంగా తోచేది. ఇప్పుడు ఆలోచిస్తే దానిలో ఒక విషయం వున్నది. ఆనాడు కచేరీ భాష మారింది, బడి భాష మారింది, స్టేషను పలక మారింది. పశువుల కొట్టంలో భాష మారలేదు. తరువాత 40 సంవత్సరాలకు నేను పిల్లవాడినై ఆ కొట్టంలో నిలబడేసరికి కూడా అక్కడ తెలుగే వున్నది.

మా యింట రెండు ఎద్దులుండేవి. నల్లనిది కర్రోడు, గోధుమరంగుది పుల్లోడు. కాడి కడితే ఎడమప్రక్కది దాపలెద్దు, కుడిప్రక్కది వలపలెద్దు. ఎడమ, కుడి అనేవి మనుషుల మాటలు. ఎద్దులకు దాపల, వలపల. మాకు బడిలో ఎవ్వరూ ఈ మాటలు నేర్పలేదు. నాగలి వెనుక నడిచినవాడికి వాటంతట అవే వచ్చాయి. కోళ్ళను పిలవాలంటే "బా, బా, బా" అనాలి. తరమాలంటే "ఉష్" అనాలి. ఒళ్ళంతా మచ్చలున్న ఆవు బొల్లి, నొసట మచ్చ వున్నది చుక్క. బొల్లి ఈనినప్పుడు పెయ్యదూడా, కోడెదూడా అని వీధి వీధంతా వచ్చి అడిగేది. మూడోనాడు అవ్వ జున్ను వండి చిన్నచిన్న గిన్నెలలో వేసి, ఇంటింటికీ నా చేత పంపేది. ప్రక్క వీధిలో తమిళుల యిళ్ళలో దానిని సీంబాలు అనేవారు. పేరు వేరైనా గిన్నె ఖాళీగా తిరిగి వచ్చేది కాదు. నాలుగు మురుకులో, ఒక బెల్లపుముక్కో దానిలో వుండేది.

ఆ వీధి అబ్బాయే నా స్నేహితుడు. వాళ్ళ యింట్లో తమిళం, మా యింట్లో తెలుగు, వీధిలో రెండూను. మేము బిళ్ళంగోడు అంటే వాడు కిట్టిపుల్లు అనేవాడు. మా అక్కలు వామనగుంటలు ఆడితే వాడి అక్కలు అదే పలకమీద పల్లాంగుళి ఆడేవారు. ఓడిపోయినప్పుడు తగవు మాత్రం రెండు భాషలలోను బాగా నడిచేది. మా యిద్దరికీ కలిపి ఒక కుక్క వుండేది, పేరు మణి. మణి అనే పేరు తెలుగుకూ సరిపోయింది, తమిళానికీ సరిపోయింది. నేను "దా" అంటే వచ్చేది, వాడు "వా" అంటే వచ్చేది. అన్నం కుండ చప్పుడయితే ఏ భాషా లేకుండానే వచ్చేది.

అవ్వ నాకొక మేకపిల్లను యిచ్చింది. బడినుంచి రాగానే యిద్దరమూ దానికి తుమ్మకాయలు ఏరి తెచ్చేవాళ్ళం. అది పెరిగింది. ఇంట్లో అవసరం వచ్చి ఒకనాడు దానిని సంతకు తోలారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. నా స్నేహితుడు కూడా వాళ్ళ యింట్లో తినలేదని మరునాడు వాళ్ళమ్మ వచ్చి మా అమ్మతో చెప్పింది. భాషలు రెండయినా ఆ రాత్రి ఆకలి చంపుకొన్న కారణం ఒక్కటే.

మా సంతోషాలు చాలా చిన్నవి. వేసవిలో తాటిముంజెలు. ధనుర్మాసంలో అనపకాయలు ఒలిచి, నానబెట్టి, పొట్టు పితికి చేసే పితికిపప్పు, ప్రక్కన రాగిసంగటి. తిరువాలంగాడు చక్కెర మిల్లుకు పోయే చెరకు బండి వెనుక పరుగెత్తి ఒక గడ లాగితే, ఆనాటికి మేమే జమీందారులం. అమావాస్యనాడు అవ్వతో తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడికి పోయి, హృత్తాపనాశిని కోనేటిలో బెల్లం వేసేవాళ్ళం. బెల్లం కరిగినట్టు రోగం కరుగుతుందని నమ్మకం. వేసవిలో ద్రౌపదమ్మ గుడి ముందర 18 రోజుల భారతం జరిగేది. పగలు కథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కేనాడు చుట్టుప్రక్కల వూళ్ళన్నీ కదిలి వచ్చేవి. మణి కూడా మా ప్రక్కనే పడుకొని తెల్లవార్లు నాటకం చూసింది. దుర్యోధనుడు కేకవేసినప్పుడల్లా తానూ మొరిగింది.

ఇవన్నీ మీకూ తెలిసినవే. నెల్లూరు పల్లెలోనయినా, గుంటూరు పల్లెలోనయినా పేర్లే వేరు. వీటిని వేడుకకు మాత్రమే చెప్పడం లేదు.

టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చున్నవాడికి ఒక సంగతి తెలుస్తుంది. చాలామంది తమిళంలో టిక్కెట్టు అడుగుతారు. చిల్లర యివ్వగానే కొంచెం ప్రక్కకు జరిగి పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటారు. ఆ లెక్క ఒకటి, రెండు, మూడు అని తెలుగులో సాగుతుంది. మనిషి జాగ్రత్తగా మాట్లాడేటప్పుడు ఎదుటివాడి భాష మాట్లాడతాడు. డబ్బు లెక్కపెట్టేటప్పుడు, పశువును పిలిచేటప్పుడు, కాలికి దెబ్బ తగిలినప్పుడు తన భాష మాట్లాడతాడు. 2011 జనాభా లెక్కలలో తమిళనాడులో నూటికి సుమారు 6 మంది తెలుగు తమ మాతృభాష అని వ్రాయించారు. అంటే 42 లక్షలకు పైబడినవారు. ఇన్నేళ్ళుగా ఆ భాషను నిలిపింది చాలావరకు ఈ అజాగ్రత్త మాటలే అని నా నమ్మకం.

మా లైనులో తిరుత్తణి దాటి, పొన్పాడి దాటితే వెంకటనరసింహరాజువారిపేట అనే స్టేషను వస్తుంది. ఇంగ్లీషులో 28 అక్షరాలు. క్రొత్తవాళ్ళు ఆ పలక చూసి ఆయాసపడతారు. తెలుగులో 13 అక్షరాలే, మా అవ్వ ఒక్క గుక్కలో అనేస్తుంది. నోటికి అలవాటయిన మాట బరువుండదు. అలవాటు తప్పితే చిన్నమాట కూడా బరువే.

ఆ అలవాటే యిప్పుడు తప్పిపోతున్నది. మా పల్లెలో కాడెద్దులు దాదాపు లేవు. ట్రాక్టరుకు దాపల లేదు, వలపల లేదు. ఎద్దు పోయిననాడు ఆ రెండు మాటలూ దానితోనే పోయాయి. కొట్టం తీసి గది కట్టారు, కర్రి, పుల్లి, బొల్లి పోయాయి. తోపు తీసి ప్లాట్లు వేశారు, కోతికొమ్మచ్చి పోయింది. 2006లో ఈ రాష్ట్రంలో చేసిన చట్టం ప్రకారం 1వ తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కొక్క తరగతి కలుపుతూ 10వ తరగతి వరకు తమిళం తప్పనిసరి చేశారు. మైనారిటీ భాషల పిల్లల విషయమై పెద్దలు కోర్టులకు కూడా వెళ్ళారు. చదువులో తెలుగుకు చోటు వుండాలని వారు అడగడం న్యాయమే. మన పిల్లలు తమిళం బాగా నేర్చుకోవాలి, అది మనం బ్రతుకుతున్న చోటి భాష, నా స్నేహితుడి భాష. కాని దాపలెద్దు మాటను ఏ చట్టమూ తీసివేయలేదు, ఏ చట్టమూ తిరిగి తేలేదు. అది మన యింటి పని.

ఇంకొక కష్టం వున్నది. పల్లెలో మా అవ్వ వుంది, పట్నంలో మునిమనవలున్నారు. ఫోనులో "బాగున్నావా, అన్నం తిన్నావా" అయిన తరువాత యిద్దరికీ మాట దొరకదు. ఒకసారి అవ్వ ఎంతో సంతోషంగా "ప్రక్కింటి ఆవు ఈనింది రా" అని చెప్పింది. "ఈనడమంటే ఏమిటి?" అని పిల్లవాడు ఇంగ్లీషులో అడిగాడు. అవతల అవ్వ కాసేపు వూరుకొని, "సరేలే నాయనా, ఫోను మీ అమ్మకియ్యి" అన్నది. పోయింది ఒక్క మాటే. కాని ఆ మాట వుండివుంటే దూడ రంగు, జున్ను, గిన్నెలు, ప్రక్క వీధి మురుకులు అన్నీ దాని వెనుకే వచ్చేవి. ఒక గంట కబురు ఆ ఒక్క మాటతో ఆగిపోయింది.

అందుచేత నాకు తోచిన మూడు పనులు మనవి చేస్తాను.

మొదటిది. ఆదివారంనాడు పిల్లల చేత వూరికి ఫోను చేయించండి. బాగోగులతోపాటు ఒక్క ప్రశ్న అడిగించండి. "అవ్వా, మీ ఆవుకు ఏం పేరు పెట్టారు? తాతా, నువ్వు ఆడిన ఆట ఏమిటి?" అని. వచ్చిన మాటను పిల్లవాడే ఒక నోటు పుస్తకంలో వ్రాసుకోవాలి. తెలుగు లిపి రాకపోతే వచ్చిన లిపిలోనే వ్రాయనివ్వండి, లిపి తరువాత నేర్పవచ్చును.

రెండవది. వేసవి సెలవులలో పది రోజులయినా పిల్లలను పల్లెలో వదలండి. చూసి రావడానికి కాదు, పనికి. దూడకు కుడితి పెట్టనివ్వండి, కోళ్ళను గంప క్రింద మూయనివ్వండి. చేతికి పని దొరికితే నోటికి మాట దొరుకుతుంది. మీకు పల్లెలో ఎవ్వరూ లేకపోతే మా పల్లెకు పంపండి. మేకపిల్లలు యింకా వున్నాయి.

మూడవది మన సంఘానికి. ప్రతి ఉగాది సంచికలో ఒక్క పుట విడిచిపెట్టండి. ఆ పుటలో ప్రతి సంవత్సరం ఒక కుటుంబంవారు తమ వూరి మాటలు 20 వ్రాయాలి. పశువుల పేర్లు, వంటలు, ఆటలు, తిట్లు కూడా, మర్యాదయినవి మాత్రమే సుమా! పది సంవత్సరాలకు 200 మాటలవుతాయి. ఖర్చు లేదు, విరాళం అక్కర్లేదు. ఈ సంవత్సరం మా వంతుగా ఆ పుటను నేను నింపి కార్యదర్శిగారికి యిస్తాను. వచ్చే సంవత్సరం వంతు ఎవరిదో ఈ రోజు భోజనాల పంక్తిలోనే తేల్చుకుందాము.

వేపపువ్వు పచ్చడి సిద్ధమైనట్టు కబురు వచ్చింది.