“నాకంతగా తెలియదు గాని…”

ఇంజనీర్ల సభలోనైనను, సాహిత్యసభలోనైనను ఒక స్త్రీ మాటాడుటకు లేచినప్పుడు ఆమె మొదటి వాక్యమును గమనించి చూడండి. “నాకంతగా తెలియదు గాని” అనియో, “పొరపాటైతే మన్నించండి” అనియో అది పెక్కుమార్లు మొదలగును. ఆ తరువాత ఆమె చెప్పునది తెలియనివారు చెప్పగల మాట కాదు. ముప్పది యేండ్లకు పైగా నీటిపారుదల కట్టడముల లెక్కలు వేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉన్న నేనును ఆ వాక్యమును ఆసరాగా చేసికొనియే ఉద్యోగము చేసినాను. అది మా నోట ఎట్లు చేరినది, చేరిన తరువాత దానిని విడుచుట ఎందుకంత కష్టము, ఈ సంగతులే ఈనాడు మీతో ముచ్చటింపదలచినాను.

మన భాషలో ఈ వాక్యమునకు వయస్సు చిన్నది కాదు. కుమ్మర మొల్ల తన రామాయణమునకు వ్రాసికొన్న అవతారికను చూడండి. తనకు నిఘంటువులు తెలియవనియు, సంధులు, సమాసములు, ఛందస్సు ఏవియు తెలియవనియు, శ్రీకంఠ మల్లేశ్వరుని దయవలననే కవిత్వము చెప్పుచున్నాననియు ఆమె చెప్పుకొన్నది. బడిలో అది పాఠముగా వచ్చినప్పుడు మా మాస్టారు “ఎంత వినయమో చూడండమ్మా” అన్నారు. మేమును అట్లే వ్రాసి మార్కులు తెచ్చుకొన్నాము. పెద్దయిన తరువాత తిరిగి చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది. తెలియని శాస్త్రములను అంత వరుసగా, ఛందస్సు తప్పకుండ లెక్క పెట్టుట తెలియనివారివలన అగు పనియా? పైగా ఆ అవతారికలోనే, కావ్యమనగా చదువగానే అర్థము తోచవలెననియు, ఎవరికిని బోధపడని మాటలు పేర్చుట వ్యర్థమనియు పండితులకు తగులునట్లు తీర్పు చెప్పినది. ఒక చేత క్షమాపణ పత్రము, రెండవ చేత తీర్పు. మొదటిది చూపనిదే గుమ్మము దాటనీయరని ఆమెకు తెలిసియుండును.

ఆ పత్రము లేకుండ వచ్చిన ఆమె గతి యేమైనదో మనకు తెలియును. పదునెనిమిదవ శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమున ఉన్న ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రచించినది. తన వంశమేదో, తన విద్య యెంతటిదో, తనకు జరిగిన సన్మానములేవో ఆమె అవతారికలో తడబడక చెప్పుకొన్నది. 1887లో ఆ కావ్యము అచ్చయినప్పుడు ఆ అవతారికనే వదలివేసినారు. కొన్ని శృంగారపద్యములు తీసివేయుటకు నీతి పేరు చెప్పవచ్చును. కాని ఒక కవయిత్రి తన పేరు, తన ప్రతిష్ఠ చెప్పుకొన్న పద్యములలో అవినీతి యేమున్నదో నాకు నేటికిని బోధపడలేదు. స్త్రీవిద్య కొరకు అంత పాటుపడిన వీరేశలింగము పంతులుగారును, ఆమె పాండిత్యమును ఒప్పుకొనుచునే, స్త్రీ నోట రాదగిన మాటలు కావని మందలించినారు. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో వావిళ్లవారిచేత పూర్తి ప్రతిని అచ్చు వేయించి, సిగ్గు అనునది స్త్రీలకే గాని పురుషులకు లేదా అని తమ పీఠికలో నిలదీసినారు. 1911లో ప్రభుత్వము ఆ పుస్తకమును నిషేధించినది. నిషేధము తొలగుటకు 1947 రావలసివచ్చినది.

శ్రీనాథుడు తన్ను తాను పొగడుకొన్నాడు. దానిని ప్రౌఢి అన్నాము. పోతన తగ్గి మాటాడినాడు. దానిని భక్తి అన్నాము. పురుషునకు రెండు దారులును తెరచియే ఉన్నవి. స్త్రీకి ఒకటి వినయము, రెండవది పొగరు. భానుమతిగారు 1953లో ‘చండీరాణి’ చిత్రమును మూడు భాషలలో తామే నడిపించి, తామే నటించినారు. పాడినారు, కథలు వ్రాసినారు, స్టూడియో నడిపినారు. అయినను ఆమెను గురించి చెప్పువారిలో ఎందరో మొదట ఆమె పొగరును చెప్పి, పనిని తరువాత చెప్పుట నేను విన్నాను.

ఇక నా వృత్తికి దగ్గరయిన కథకు వత్తును. 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబమున పుట్టిన అయ్యలసోమయాజుల లలితగారు పదునెనిమిదవ యేట, నాలుగు నెలల పసిబిడ్డ ఒడిలో ఉండగా, భర్తను కోల్పోయినారు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుత్ శాఖ ఆచార్యులు. అంతవరకు ఆ కళాశాలలో ఆడపిల్ల అడుగుపెట్టలేదు. ఆయన ప్రిన్సిపాలు చాకోగారితో మాటాడి, ప్రభుత్వపు అనుమతి సంపాదించి కుమార్తెను అందు చేర్చినారు. వైద్యము చదివినచో అర్ధరాత్రి పిలుపులుండును, బిడ్డను వదలి పోవలెను; ఇంజనీరు పని పగటితో ముగియునని ఆమె ఆలోచన. (కాలువ గండిపడిన రాత్రులు గట్టుమీద నిలుచున్న నాకు ఈ కారణము విన్నప్పుడెల్ల నవ్వు వచ్చును. ఆమెది విద్యుత్ శాఖ, డిజైను బల్ల. నాది నీళ్లు, బురద.)

అందరు మగపిల్లల నడుమ ఒక్క ఆడపిల్ల. చదువు ఆమెకు భారము కాలేదు; వసతిగృహములోని ఒంటరితనము భారమైనది. అప్పుడు కళాశాలలో స్త్రీలకును ప్రవేశము కలదని తండ్రి ప్రకటన చేయించినారు. మరుసటి యేడు లీలమ్మ జార్జి, పి. కె. త్రేసియా అను ఇద్దరు సివిలు శాఖలో చేరినారు. యుద్ధకాలమున చదువును కొంత కుదించుటచే ముగ్గురును 1943లో ఒకేసారి వెలికి వచ్చినారు. లలితగారి పట్టాలో ‘అతడు’ అను అర్థము గల ఆంగ్లపదము ముందే అచ్చయి ఉన్నది. దానిని కొట్టివేసి, పైన కలముతో ‘ఆమె’ అని దిద్దినారు.

తరువాత ఆమె జమాల్పూరు రైల్వే కర్మాగారమున శిక్షణ పొందినారు. సిమ్లాలో ప్రభుత్వోద్యోగము చేసినారు. కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో విద్యుత్ లైన్లకు, సబ్‌స్టేషన్లకు రూపకల్పన చేసినారు. భాక్రా నంగల్ విద్యుత్తును మోసిన లైన్ల పనిలో ఆమె చేయి ఉన్నది. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సభకు వెళ్లినారు. 1966లో లండనులోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ ఆమెను పూర్తి సభ్యురాలిగా చేర్చుకొన్నది. త్రేసియాగారు 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు ముఖ్య ఇంజనీరైనారు.

ఈ కథను పిల్లలకు చెప్పునప్పుడు ఆమె ధైర్యమును చెప్పి ముగింతురు. నాకది సగము కథగా తోచును. అడుగుటకు ఒక తండ్రి, తలుపు తీయుటకు ఒక ప్రిన్సిపాలు, భోజనశాలలో ఎదురుగా కూర్చుండుటకు ఇద్దరు తోడివారు, కలకత్తాలో బిడ్డను తన బిడ్డతోపాటు చూచుకొనుటకు అన్నదమ్ముల ఇల్లు, వదినెగారి చేయి. ఇన్ని ఉన్నవి. ఆత్మవిశ్వాసమును కషాయమువలె ఆడపిల్ల గొంతులో పోసినచో చాలునని తలచువారు ఈ రెండవ సగమును చదువలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పెదను. ఉద్యోగమున చేరిన మూడవ యేట ఒక సైఫన్ అక్విడక్టు డ్రాయింగులు మా సభకు వచ్చినవి. పైన తొట్టిలో కాలువ పారును. క్రింద ఖానాలగుండ వాగు పోవును. కాలువ కట్టివేసి తొట్టి ఎండియుండగా, వాగు వరదతో ఖానాలు నిండి పారినదనుకొనండి. అప్పుడు ఆ నీరు ఖానాల పైకప్పు పలకను క్రిందినుండి పైకి నెట్టును. పైన అదిమిపట్టుటకు కాలువనీటి బరువు లేదు. పలక ఆ నెట్టుడుకు తాళునా అని వేరుగా లెక్క చూడవలెను. ఆ కాగితములలో కాలువ నిండుగా ఉన్నప్పటి లెక్క ఉన్నది గాని, ఇది లేదు.

నేను లేచి, “నాకంతగా తెలియదు గానండి, కాలువ ఎండినప్పటి లెక్క కూడా చూస్తే బాగుంటుందేమో” అన్నాను. సభాధ్యక్షులైన అధికారి “చూద్దాంలే అమ్మా” అని తరువాతి కాగితము త్రిప్పినారు. పావుగంట గడచిన పిదప నా ప్రక్కన కూర్చున్న సహోద్యోగి, “సార్, కాలువ ఖాళీగా ఉన్న కేసు వదిలేశారు” అన్నాడు. ‘గానండి’ లేదు, ‘ఏమో’ లేదు. బల్లచుట్టు పెన్సిళ్లు కదిలినవి.

నాకు కోపము వచ్చియుండునని మీరనుకొందురు. రాలేదు. ‘అమ్మయ్య’ అనిపించినది. తప్పయినచో ఇక అది అతని తప్పు! ఇంటికి పోవు బస్సులో ఆ ‘అమ్మయ్య’ను తలచుకొని సిగ్గుపడినాను. లెక్క నాది, అది సరియైన లెక్క. అయినను అది నా పేరుతో నిలుచుటకంటె ఇంకొకరి పేరుతో నిలుచుటయే నాకు హాయిగా ఉన్నది. ఆ సహోద్యోగి ఆనాడు సెలవులో ఉన్నచో ఏమయ్యెడిది? వాగునకు నా వినయముతో పనిలేదు.

ఏండ్లు గడచి నేనొక విభాగమునకు అధికారినైనాను. క్రొత్తగా చేరిన ఒక అమ్మాయి నా ముందు నిలిచి, “నేను రాంగ్ అయ్యుండొచ్చు మేడమ్” అని మొదలుపెట్టినప్పుడెల్ల, “ఆ మాట తీసేసి చెప్పమ్మా” అని నేను మొండిగా ఆపుచుండెడిదానను. కొన్నాళ్లకు అలవాటు మానినది. నేను మురిసిపోయినాను. తరువాత ఆమెకు వేరొకచోటికి బదిలీ అయినది. ఏడాది గడచిన పిదప నన్ను చూడవచ్చి, “మీరు చెప్పినట్టే మాట్లాడానండి. పని తెలుసుగాని పెద్దలంటే అణకువ లేదని నా రిపోర్టులో రాశారటండి” అన్నది. నిష్ఠురముగా అనలేదు, తెలియపరచుటకు అన్నట్లు అన్నది. నేను కాఫీ కలిపి ఇచ్చుట తప్ప ఏమియు చేయలేకపోయినాను. ఉపదేశము నాది, వెల చెల్లించినది ఆమె.

ఆ రోజులలోనే ఒక పరిశోధన నా కంటబడినది. 2012లో ప్రకటించినది. అమెరికాలో 127 మంది విజ్ఞానశాస్త్రాచార్యులకు, ప్రయోగశాలను చూచుకొను ఉద్యోగము కొరకు వచ్చిన దరఖాస్తు ఇది అని ఒకే దరఖాస్తును పంపినారు. కొందరికి పంపిన దానిమీద జాన్ అను మగపేరు, తక్కినవారికి జెన్నిఫర్ అను ఆడపేరు. ఒక్క అక్షరము కూడ వేరు లేదు. జాన్ ఎక్కువ సమర్థుడని వారికి తోచినది. అతనికి ఏడాదికి సుమారు 30,200 డాలర్లు ఈయవచ్చునన్నారు, ఆమెకు 26,500. ఇంతవరకు నాకు ఆశ్చర్యము కలుగలేదు. మహిళాచార్యులును పురుషులవలెనే తూచినారని ఉన్నది. అచ్చట మాత్రము ఆగినాను. నేనైతే అట్లు చేయనని అనుకొన్నాను.

అనుకొని ఊరకుండలేకపోయినాను. లెక్కల కాగితములు పరిశీలనకు నా బల్లమీదికి వచ్చునప్పుడు, వ్రాసినవారి పేరు గల మూలమీద చీటి అంటించి పంపుమని గుమాస్తాతో చెప్పినాను. మూడు నెలలు అట్లు నడచినది. పిమ్మట అంతకు పూర్వము పేర్లు కనబడుచుండగా నేను దిద్దిన కాగితములను బీరువానుండి తీయించి ప్రక్కన పరచుకొన్నాను. ఆడపిల్లల కాగితములమీద నా ఎర్రసిరా ఎక్కువగా ఉన్నది. అవి తప్పులు కావు. ‘మరల చూడుము’, ‘ఆధారమేది?’, ‘నిశ్చయమేనా?’ అని వ్రాసినవి. మగపిల్లలు అదే గుణకమును ఏ ఆధారము చెప్పక వాడినచోట నేను టిక్కు పెట్టి పేజీ త్రిప్పినాను. చీటీలు అంటించిన నెలలలో ఆ తేడా దాదాపుగా లేదు.

ఆ ‘నిశ్చయమేనా?’లు వ్రాయునప్పుడు నా మనస్సున చెడ్డ తలంపు లేదు. లోకము వీరిని ఎక్కువ ప్రశ్నించును గనుక ముందుగా నేనే ప్రశ్నించి గట్టిపరచుచున్నానని నా నమ్మకము. కాని ఆ పిల్ల వైపునుండి చూడండి. తన ప్రక్క కుర్చీవానిని అడుగని ప్రశ్న తన్ను మాత్రము వారము వారము అడుగుచుండిరి. అడుగునది కూడ తనవంటి ఆడదియే. అట్టి పిల్ల సభలో లేచినప్పుడు “నాకంతగా తెలియదు గాని” అనక ఇంకేమనును?

నేను పదవీ విరమణ చేయువరకు ఆ చీటీలు కొనసాగినవి. దానితోపాటు సభ వివరములు వ్రాయు పుస్తకమున, ఏ అంశమును మొదట ఎవరు ఎత్తినారో వారి పేరు ప్రక్కన వ్రాయవలెనని మరియొక నియమము పెట్టినాను. కొందరు చాటుగా నవ్వినారు; దీనికి కూడ పేరు కావలెనా అని ఒక పెద్దమనిషి ఎదుటనే అన్నారు. మొదటి నెల ముగిసిన పిదప పుస్తకము సంతకమునకు వచ్చినది. ఒక తూము తలుపునకు సంబంధించిన అంశము ప్రక్కన నా పేరున్నది. ఆ మాట మొదట అన్నది నేను కాదు. మూల కుర్చీలో కూర్చుండు ఒక అమ్మాయి. నేను దానిని బలపరచి, కొంచెము గట్టిగా చెప్పితిని, అంతే. గుమాస్తాను పిలిచి, నా పేరు కొట్టివేయించి, దానిపైన ఆమె పేరు కలముతో వ్రాయించి, అప్పుడు సంతకము చేసినాను.