ఆ నూరు కిలోమీటర్లు ఏ దారిన?
(చెన్నైలోని తెలుగు పాఠకుల సమావేశంలో పురపాలక అనువాదకురాలు చేసిన ప్రసంగ పాఠం)

చెన్నై, తిరుపతి విమానాశ్రయాల మధ్య దూరమెంత? ఈ చిన్న ప్రశ్నకు సమాధానం రాయడంలో నేను చేసిన పొరపాటును మీ ఎదుట చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

కొంతకాలం క్రితం ప్రయాణికుల కోసం వెలువడిన ఒక కరపత్రాన్ని తెలుగులోకి అనువదించాను. అందులో సమీప విమానాశ్రయాల పట్టిక ఉంది. తిరుపతికి ఎదురుగా సుమారు 100 కిలోమీటర్లని ఉంది. అది ఆకాశమార్గ దూరమని మూలంలో స్పష్టంగానే రాశారు. పట్టికలో గడి ఇరుకుగా ఉన్నదని నేను ‘దూరం’ అని మాత్రమే రాశాను.

పెరంబూరులో ఒక తెలుగు కుటుంబంలో ఇంటి పెద్ద కన్నుమూశారు. హైదరాబాదులోని కుమార్తెకు చెన్నై విమానంలో సీటు దొరకక తిరుపతికి వచ్చింది. కరపత్రం చూసిన ఇంటివారు రెండు గంటల్లో చేరుకుంటుందని లెక్క వేసుకున్నారు. విమానం మధ్యాహ్నం 2 గంటలకు రేణిగుంటలో దిగింది. బంధువులు ఐదింటి దాకా ఆగారు. ఆమె దారిలో ఉన్నానని ఫోను చేస్తూనే ఉంది. ఇక్కడ పొద్దు వాలిపోతోంది. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. తండ్రి కడసారి చూపు ఆమెకు దక్కలేదు.

తరువాత ఆ తల్లి నన్ను ఒకే మాట అడిగారు: “ఆ నూరు కిలోమీటర్లు ఏ దారినమ్మా?”

ఆ నూరు ఏ దారినా లేవు. అది పటం మీద గీసిన సరళరేఖ. రోడ్డున పుత్తూరు, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా వస్తే రెండు విమానాశ్రయాల మధ్య దాదాపు 140 కిలోమీటర్లు. మూడు, మూడున్నర గంటలు పడుతుంది. సాయంకాలపు రద్దీలో నగరంలోకి ప్రవేశిస్తే మరో గంట. సామాను చేతికందడానికి, కారు దొరకడానికి పట్టే సమయం దీనికి అదనం.

రైలులో వెళ్లేవారు మీనంబాక్కం విమానాశ్రయం నుంచి మెట్రోలో నేరుగా సెంట్రల్ చేరవచ్చు. సుమారు ముప్పావు గంట ప్రయాణం. అక్కడి నుంచి తిరుపతి రైలెక్కితే రేణిగుంట జంక్షనులోనే దిగండి. విమానాశ్రయం ఉన్నది రేణిగుంట దగ్గరే కనుక తిరుపతి దాకా పోయి వెనుకకు రానక్కరలేదు. రైలు కోసం వేచి ఉండే సమయాన్ని కూడా కలుపుకొని ఐదు గంటలు చేతిలో ఉంచుకోండి. దేశీయ విమానాలకు చెక్ ఇన్ కౌంటరును సాధారణంగా గంట ముందే మూసివేస్తారు. అంటే విమానం బయలుదేరే వేళకు ఆరు గంటల ముందైనా ఇక్కడ కదలాలి.

మన పెద్దలు ఊరెంత దూరమంటే ‘రెండు జాముల నడక’ అనేవారు. బాటసారికి కావలసినది ఆ లెక్కే. కొత్త ముద్రణ కోసం పట్టికను మూడు గడులుగా విభజించి ఇచ్చాను: ఆకాశమార్గ దూరం, రోడ్డు దూరం, ప్రయాణ కాలం. అచ్చుకు పంపే ముందు ఆ తల్లికి చదివి వినిపించాను. ఆమె మూడవ గడి మీద వేలు పెట్టి, “ఇది పెద్ద అక్షరాల్లో వెయ్యమ్మా” అన్నారు. అలాగే వేయించాను.