సెటిల్‌మెంట్ అంటే ఏమిటి?

(సిరోంచలో మిల్లు కార్మికుల కుటుంబాల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగం)



మనకు ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ, మిల్లు కాగితం మీద ఇంగ్లీషు. మూడింటిలోనూ మారకుండా తిరిగే మాట ఒకటి ఉంది. అదే సెటిల్‌మెంట్. "సెటిల్‌మెంట్ అయిపోయిందట" అని ఒకరు చెబితే పదిమంది తలలూపుతారు. ఏ సెటిల్‌మెంట్, ఎవరితో అయింది అని అడిగేవాడు ఉండడు. అందుకే ఈరోజు ఆ మాట గురించే చెప్పదలచాం.

మన తాతలకు తెలిసిన సెటిల్‌మెంట్ భూమిది. 1860 నుంచి 1874 వరకు ఈ సిరోంచ అప్పర్ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. తర్వాత చాందా జిల్లాలో కలిపారు. ఆ కాలంలో భూమి కొలిచి శిస్తు నిర్ణయించడమే సెటిల్‌మెంట్. బందోబస్తు అని కూడా అన్నారు. రాసినవాడు అధికారి, కట్టినవాడు రైతు.

ఊళ్ళో ఇంకో అర్థం ఉంది. కోర్టుకు పోకుండా పెద్దమనిషి తగవు తెగ్గొడితే అదీ సెటిల్‌మెంటే. అక్కడ బలం ఉన్నవాడి మాట చెల్లుతుంది.

కార్మిక చట్టంలో అర్థం వేరు. యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య రాతపూర్వకంగా కుదిరిన ఒప్పందం అది. ఇందులో రెండు రకాలున్నాయి. లేబర్ ఆఫీసులో రాజీ అధికారి ముందు జరిగితే ఆ మిల్లులోని కార్మికులందరికీ వర్తిస్తుంది. యూనియన్‌లో లేనివారికీ, రేపు చేరేవారికీ కూడా. బయట జరిగితే ఒప్పందంలో ఉన్న పక్షాలకే వర్తిస్తుంది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ తేడా, 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది.

ఎవరి సంతకం చెల్లుతుందన్నది చిన్న విషయం కాదు. 1982 జనవరి 18న బొంబాయిలో సుమారు రెండున్నర లక్షల మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. మన తెలుగువాళ్ళూ అందులో ఉన్నారు. కార్మికులు దత్తా సామంత్ వెంట నడిచారు. కాని 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం ఒప్పందం చేసే హక్కు గుర్తింపు యూనియన్‌దే. జనం ఒకవైపు, సంతకం హక్కు మరొకవైపు అయింది. సమ్మె విరమించినట్టు ఎవరూ ప్రకటించలేదు. వేలాది మంది మాత్రం మళ్ళీ మిల్లు గేటు దాటి లోపలికి పోలేదు.

ఇక చివరిది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది: ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్. మేము సాంచాల ఖాతాలో పనిచేసిన రోజుల్లో ఒకనాడు "హిసాబు తీసుకోండి" అని పిలిచారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. చేతికి డబ్బు వస్తోందన్న తొందరలో అందరమూ సంతకాలు పెట్టాం. మాతో ఉన్న బదిలీ కార్మికులు వేలిముద్రలు వేశారు. స్వయంగా రాజీనామా చేశామనీ, ఇక రావలసింది ఏమీ లేదనీ అందులో ఉందని తర్వాత ఒకరితో చదివించుకుంటే తెలిసింది. పని తీసేసింది వారు, రాజీనామా చేసింది మేము! ఆ ఒక్క మాటతో రిట్రెంచ్‌మెంట్ పరిహారం అడగడానికి దారి మూసుకుపోయింది.

గ్రాట్యుటీ లెక్క చూడండి. లెక్కకు వచ్చే నెల వేతనం 13,000 రూపాయలు అనుకుందాం. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 7,500. ఇరవై ఏళ్ళ సర్వీసుకు లక్షా యాభై వేలు. ఇది మిల్లు ఇచ్చే బక్షీసు కాదు, 1972 నుంచి చట్టం ఇచ్చిన హక్కు. "ఏమీ రావలసింది లేదు" అన్న కాగితంతో ఆ హక్కు పోదు. కాని ఆ కాగితమే చూపించి మనల్ని ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిప్పగలరు.

కాబట్టి సెటిల్‌మెంట్ అన్న మాట వినగానే మూడు ప్రశ్నలు వేయండి. రాజీ అధికారి ముందు జరిగిందా? మన తరఫున సంతకం చేసిందెవరు? ఏ పద్దు కింద ఎంత ఇస్తున్నారు? జవాబు దొరికేదాకా కలం పట్టవద్దు. చదవడం రాకపోతే యూనియన్ ఆఫీసుకు రండి, చదివి వినిపిస్తాం. సంతకం పెట్టిన కాగితం నకలు ఇంట్లో రేషన్ కార్డుతో పాటు దాచండి.

మన చెమటకు లెక్క మనం తెలుసుకోకపోతే ఎదుటివాడు రాసిందే లెక్క అవుతుంది.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!