మల్లెపొద కింద పందికొక్కు

మల్లె, గులాబీ, మందార... ఒకసారి నాటితే ఏళ్ల తరబడి పూసే మొక్కలివి. కానీ ఏటా వాటి ఆకలి తీర్చాలి. మల్లెపొదకు శీతాకాలంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తాం కదా, బలం అందించవలసిన సమయం అదే. పెద్ద పొదకు 10 కిలోల దాకా బాగా చివికిన పశువుల ఎరువు వేయండి. మొదలుకు ఆనించకండి. జానెడు దూరంలో చుట్టూ గాడి తీసి, ఎరువు వేసి, మట్టి కప్పి తడి పెట్టండి.

చాలామంది వేరుశనగ చెక్క కూడా వేస్తారు. నత్రజనికి మంచిదే. అయితే ఆ వాసనకు పందికొక్కులు వస్తాయి. అవి వేళ్ల మధ్య బొరియలు తవ్వితే తడి వేరుకు అందదు, పచ్చని పొద ఉన్నట్టుండి వాడిపోతుంది. చెక్కను నానబెట్టి, పులియబెట్టి, బాగా పలుచన చేసి పోయండి. లేదా వేపపిండి వాడండి.

బొరియ కనిపిస్తే సాయంత్రం కన్నాలన్నీ తడిమట్టితో మూసేయండి. తెల్లారేసరికి ఏది తెరుచుకుందో, కొక్కు ఉన్నది అందులోనే. పక్కన బోను పెట్టండి. ఎండుచేప ముక్కో, కాల్చిన కొబ్బరో ఎర. మొదటి రెండు మూడు రాత్రులు తలుపు పడకుండా కట్టి, తిననివ్వండి. కొత్త వస్తువంటే దానికి మహా అనుమానం.

విషపు ఎర మాత్రం పెరట్లో వద్దంటాను. పిల్లలుంటారు, కుక్కలుంటాయి. విషం తిన్న ఎలుకను తింటే గుడ్లగూబ కూడా చనిపోవచ్చు. రాత్రంతా మనకోసం వేటాడే పిట్ట అది. కొక్కు పడ్డాక బొరియను తవ్వి, మట్టి కూరి, నీళ్లు పోసి గట్టిగా తొక్కండి.