పని చరిత్రలో ఆసు పోసిన చేతులెక్కడ?



పని చరిత్ర మీద ఊరూరా తిరిగే ప్రదర్శనను మన గ్రంథాలయానికి రప్పిద్దామనగానే వినిపించే మాట ఒకటుంది: బీడీలు చుట్టుకునే ఆడవాళ్ళకు లైబ్రరీలో ఏం పని? నిజాం పాలనలో తెలుగు చదువుకు చోటు లేని రోజుల్లో, 1904లో, హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్ళకూ ఇలాంటి మాటలు తప్పి ఉండవు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపారు. గ్రంథాలయం జనం దగ్గరికి కదలడం మనకు కొత్తేమీ కాదు.

నా భయం వేరే. ఆ బొమ్మల్లో ఎవరుంటారు? వరంగల్‌లో పని అనగానే 1934 నాటి ఆజంజాహీ మిల్లు గుర్తొస్తుంది. దాని కథ చెప్పాల్సిందే. కొత్తవాడ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అదీ చెప్దాం. మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. మరి ఇంట్లో నూలు తోడి, కండెలు చుట్టే మనిషి ఎవరు? ‘ఇంటామె’ అంటారు, అంతే.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో లక్ష్మమ్మ ఆసు పోసేది. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. భుజాలు పడిపోతాయి. తల్లి బాధ చూడలేక కొడుకు చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి ఆమె పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చాలా సంతోషం. కానీ యంత్రం రాకముందు తరతరాలుగా ఆడిన ఆ చేతులకు విడిగా కూలి కట్టిందెవరు?

2019 ప్రభుత్వ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. ఈ లెక్క పెద్ద అక్షరాలతో గోడ మీద ఉండాలి.

అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థ ఇలాంటి ప్రదర్శననే చిన్న ఊళ్ళకు తిప్పింది. వచ్చిన పలకల పక్కన స్థానికులు తమ ఊరి పని కథలు చేర్చుకున్నారు. మనమూ ఆసు చట్రం, బీడీల చాట, కత్తెర, తునికాకు కట్ట పెడదాం. ఎవరి వస్తువు తెచ్చినా రసీదు ఇవ్వాలి. చదువు రానివాళ్ళకు చదివి చెప్పే మనిషి ప్రతి పూటా ఉండాలి.

ఒక్క విషయంలో మాత్రం తొందర వద్దు. బీడీ కార్మికురాలి ఫోటో, పేరు, కూలి వివరం ఆమెను అడగకుండా గోడకెక్కించకండి. ఎంచివేత పేరుతో ఎన్ని బీడీలు కోత పెడుతున్నారో ఆమె చెబితే, రేపు ఆకు ఇవ్వడం ఆపేయవచ్చు. ఆ నష్టం మనకు కాదు, ఆమెకు. పేరు వద్దంటే వద్దు, వాడ పేరు కూడా తీసేద్దాం.

ఇక వేళలు. పగలు పది నుంచి ఐదు వరకంటే మనమే చూసుకుని మనమే మెచ్చుకోవాలి. బీడీలు అప్పజెప్పి వచ్చే వేళ ఏ వాడలో ఎప్పుడో ఈ వారంలో కనుక్కుని రండి, దాన్నిబట్టి తలుపులు తెరిచి ఉంచమని గ్రంథాలయం వారిని అడుగుదాం.