కాలువ అప్పు, కాగితపు షరతు

నందికొట్కూరు సీమలో మిట్టకందాల వద్ద మెట్టనేలను లోతుగా తొలిచి కాలువను నడిపించిన చోటును మన శ్రోతలలో పలువురు చూచియే యుందురు. తుంగభద్ర నీరు పెన్న వైపునకు దిగునది అక్కడనే. సుంకేసుల నుండి కడప వరకు సాగిన ఆ కర్నూలు-కడప కాలువ కథలో అధిక భాగము అప్పు పత్రముల కథయే.

1858 ప్రాంతమున మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ లండనులో ఏర్పడినది. పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వము హామీ యిచ్చెను. లాభము వచ్చినను రాకున్నను వాటాదారునకు వడ్డీ ముట్టును. ఇక ఖర్చును అదుపు చేయవలెనను చింత యెవరికి? 1866 నాటికి సొమ్ము కరగినది, కాలువ మాత్రము కడప చేరలేదు.

అప్పుడు ప్రభుత్వమే 6 లక్షల పౌనులు అప్పిచ్చుటకు ఒప్పుకొని షరతు పెట్టెను: 1871 నాటికి కడప వరకు పని ముగియవలెను, లేనిచో పనులను ప్రభుత్వము స్వాధీనము చేసికొనవచ్చును. ఇట్టి షరతు మామూలు దినములలో నిద్రించును, చెప్పిన సంగతి జరిగిన నాడే మేల్కొనును. నేటి బ్యాంకులును పెద్ద కంపెనీలచే ఇట్లే వ్రాయించుకొనును: అప్పు నికర ఆస్తికి ఇన్ని రెట్లు మించినచో లాభాంశము పంచరాదు, క్రొత్త అప్పు తేరాదు. పంట మా మండీకే తోలవలెనని పెట్టుబడి యిచ్చు వేరుసెనగ వ్యాపారి మాటయు ఈ జాతిదే. కాగితము లేదు, అంతే.

కంపెనీ గడువులోపల కాలువ ముగించినది. షరతు తీరినది. కాని ఆ షరతు కొలిచినది కాలువ పొడవును; నీరు కొను రైతును కాదు. నల్లరేగడిలో వానకే జొన్న, కొర్ర పండించుకొను రైతు నీటితీరువ యేల కట్టును? 1876-78 నాటి కరువులో నీటికై ముందుకు వచ్చినవారును వానలు పడగానే తగ్గిరి. నీటి అమ్మకము వడ్డీకైనను చాలలేదు.

ఏటేట తడిసిన ఎకరములను బట్టి కంపెనీని నిలదీయు నిబంధన యొకటి 1866 పత్రములో ఉండవలసినదని మా అభిప్రాయము. అది యున్నచో, పిల్లకాలువలు త్రవ్వించుటకును రైతును ఒప్పించుటకును కంపెనీ ముందే పూనుకొని యుండెడిది. 1882లో ప్రభుత్వము కాలువను కొనివేసినది. హామీ పడిన ప్రభుత్వమే అప్పిచ్చినది, అప్పిచ్చిన ప్రభుత్వమే తుదకు వెల చెల్లించినది.